కైసెకి విందుకు అతిథిగా వెళ్లడం ఎలా?

జపాన్ వెళ్లివచ్చే మనవాళ్లలో చాలామంది సుషీ, రామెన్‌ల రుచి చూస్తారు గానీ, ఆ దేశపు వంటకు శిఖరమని అక్కడివారే చెప్పుకొనే కైసెకి విందు జోలికి అంతగా పోరు. ధర ఎక్కువన్నది ఒక కారణమైతే, ఆ విందులో ఎలా కూర్చోవాలో, ఏది ముందు తినాలో, ఏ గిన్నె మూత ఎటు పెట్టాలో తెలియదన్న బెరుకు అంతకంటే పెద్ద కారణం. నిజానికి ఎనిమిది నుంచి పన్నెండు దాకా చిన్న చిన్న వంటకాలు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే ఈ విందులోని మర్యాదలలో ఎక్కువ భాగం ఆడంబరం కోసం పుట్టినవి కావు. వేడి చల్లారకుండా చూడడం, పాత్రపై గీత పడకుండా కాపాడడం, పక్కవారికి ఇబ్బంది కలగనీయకపోవడం వంటి మామూలు అవసరాల నుంచి పుట్టినవి. కారణం తెలిస్తే నియమాన్ని బట్టీ పట్టనక్కరలేదు. కాబట్టి ఈ విందు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కొంత తెలుసుకొని, ఆ తరువాత బుకింగ్ దగ్గర నుంచి బిల్లు కట్టడం దాకా ఒక్కొక్క అడుగూ చూద్దాం.

వెళ్తున్నది ఏ కైసెకికో ముందు తేల్చుకోండి

జపనీయులు కైసెకి అని ఒకే రకంగా పలికే విందులు రెండు ఉన్నాయి. రాసే అక్షరాలు వేరు, వడ్డన వరుస వేరు, ఉద్దేశమూ వేరు. మొదటిది తేనీటి వేడుకలో చిక్కటి మచ్చా (పచ్చ టీ ఆకు పొడితో చేసే టీ) తాగడానికి ముందు పెట్టే మితమైన భోజనం. రెండవది ర్యోతెయి అనే ఖరీదైన భోజనశాలలలో, ర్యోకాన్ అనే సంప్రదాయ వసతి గృహాలలో సాకె మద్యంతో కలిపి నింపాదిగా సాగే విందు. పర్యాటకులుగా మీరు డబ్బు చెల్లించి తినేది దాదాపు ఎప్పుడూ రెండవదే. గుర్తుపట్టడానికి తేలిక మార్గం అన్నం: తేనీటి కైసెకిలో అన్నం మొట్టమొదటే వస్తుంది, విందు కైసెకిలో చిట్టచివర వస్తుంది.

ఈ తేడా వెనుక కొన్ని శతాబ్దాల చరిత్ర ఉంది. మురోమాచి కాలంలో (1336–1573) సమురాయ్ ప్రభువుల ఇళ్లలో హోన్‌జెన్ అనే విందు నడిచేది. అతిథి ముందు కాళ్లున్న చిన్న పీటను పెట్టి, దాని పక్కన రెండవది, మూడవది, గొప్ప సందర్భమైతే ఏడవది దాకా చేర్చుకుంటూ పోయేవారు. వాటి మీది వంటకాలలో కొన్ని చూడడానికే తప్ప తినడానికి కావు. తినదగినవి కూడా నోటిదాకా వచ్చేసరికి చల్లారిపోయేవి. దీనికి పూర్తిగా ఎదురుదిక్కున జెన్ బౌద్ధ మఠాలు ఉండేవి. చైనాలో చదువుకొని వచ్చి 1244లో ఎయిహెయిజి మఠాన్ని స్థాపించిన దోగెన్, అంతకు ముందే 1237లో మఠంలోని వంట సన్యాసికి విధులు రాసిపెట్టాడు. బియ్యం కడగడం, కూర తరగడం కూడా సాధనలో భాగమేనని, దొరికిన ఆకుకూరను మేలైన దినుసుతో సమానంగా చూడాలని ఆయన బోధ.

ఈ రెండు ధోరణుల మధ్య నుంచి కైసెకిని తీర్చిదిద్దిన వ్యక్తిగా సాకాయి రేవు పట్టణపు వర్తక కుటుంబానికి చెందిన సెన్ నో రిక్యూను (1522–1591) చెప్పుకుంటారు. రెండు చాపల వెడల్పున్న చిన్న తేనీటి గదిలో పీటల వరుసకు చోటు లేదు. అందుకే ఒక పులుసు, మూడు వంటకాలు, అన్నం అన్న కొలతకు భోజనాన్ని కుదించి, అన్నిటినీ ఒకేసారి పరచకుండా వండినది వండినట్లు వేడిగా ఒక్కొక్కటే తెచ్చి పెట్టే పద్ధతి ఆయన కాలపు తేనీటి గదులలో స్థిరపడింది. పరగడుపున చిక్కటి మచ్చా తాగితే కడుపులో తిప్పుతుంది కనుక, ఆకలి తీరీ తీరనట్లుగా ఈ భోజనం ఉండాలి. అప్పటి జపాన్ పాలకుడు టొయొతోమి హిదెయోషి ఆజ్ఞతో రిక్యూ 1591లో ప్రాణత్యాగం చేయవలసి వచ్చినా, ఆయన వారసులు మూడు శాఖలుగా నిలబెట్టిన తేనీటి పాఠశాలలు ఆ వరుసను ఇప్పటికీ పాటిస్తున్నాయి.

ఎదో అని పిలిచే కాలంలో (1603–1868) కవితాగోష్ఠులకు, వర్తకుల సమావేశాలకు భోజనశాలలు వేదికలైనప్పుడు వడ్డన మద్యం చుట్టూ తిరగసాగింది. అన్నం తింటే తాగడం ఆగిపోతుంది కాబట్టి అన్నం చివరికి జరిగింది. ఇరవయ్యవ శతాబ్దంలో, 1930లో ఒసాకాలో కిచ్చో అనే భోజనశాలను తెరిచిన యుకి తెయిచి, తేనీటి గదిలోని రుతుదృష్టిని, పాత్రల ఎంపికను మళ్లీ విందులోకి పట్టుకొచ్చాడు. ఇవాళ మీ ముందుకు వచ్చే కైసెకిలో ఈ పొరలన్నీ కలిసి ఉన్నాయి. 2013లో యునెస్కో వాషోకు, అంటే జపాన్ సంప్రదాయ ఆహార సంస్కృతి మొత్తాన్ని, అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. కైసెకి ఒక్కదానికే ఆ గుర్తింపు వచ్చిందని కొన్ని ప్రకటనలలో కనిపించే మాట సరికాదు.

బుక్ చేసేటప్పుడు

కైసెకిలో సాధారణంగా మెనూ చూసి ఎంచుకొనేది ఏమీ ఉండదు. మీరు ధరను ఎంచుకుంటారు, ఆ ధరకు ఆ రోజు దొరికిన సరుకుతో ఏం పెట్టాలో వంటవారు నిర్ణయిస్తారు. మధ్యాహ్న భోజనం రాత్రి విందులో సగానికో అంతకంటే తక్కువకో దొరుకుతుంది; కొత్తవారికి నా సలహా మధ్యాహ్నమే. ఇంకా తేలికగా మొదలుపెట్టాలంటే కప్పో అనే రకం భోజనశాలకు వెళ్లండి. అక్కడ బల్లకు అవతల వంటవారు మీ కళ్లముందే వండి అందిస్తారు, నేలమీద కూర్చొనే పని ఉండదు, పక్కవారు తినే తీరు చూసి నేర్చుకోవచ్చు.

క్యోటోలోని కొన్ని పాత ర్యోతెయిలు పరిచయం లేని కొత్తవారిని తీసుకోవు. దీన్ని పొగరు అనుకోనక్కరలేదు. పూర్వం అక్కడ భోజనం, కానుకలు, తిరుగు ప్రయాణపు బండి అన్నిటినీ భోజనశాలే చూసుకొని, లెక్కను తరువాత ఇంటికి పంపేది. నమ్మకస్తుడైన పాత అతిథి పూచీ ఉంటే తప్ప ఆ పద్ధతి నడవదు. ఇప్పుడు చాలా చోట్ల ఈ పట్టింపు సడలింది. 1837లో భోజనశాలగా మొదలైన, నాన్‌జెన్‌జి ఆలయం దగ్గరి హ్యోతెయి వంటి పేరున్న చోట్లకు కూడా ముందుగా బుక్ చేసుకొని వెళ్లవచ్చు. మీకు జపనీస్ రాకపోతే, మీరు దిగిన హోటల్ వారి చేత ఫోన్ చేయించడం అన్నిటికంటే మేలు.

ఆ ఫోన్‌లోనే నాలుగు సంగతులు తేల్చుకోండి. మీరు తినలేనివి ఏమిటో చెప్పండి. భోజనానికి కూర్చున్నాక చెబితే వంటవారికి చేయడానికి ఏమీ ఉండదు. గది ఏ రకమో అడగండి: పూర్తిగా చాపమీద కూర్చొనేదా, బల్ల కింద కాళ్లు పెట్టుకోవడానికి గొయ్యి ఉన్నదా, కుర్చీలా? మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే ఈ ప్రశ్న మరవకండి. పిల్లలను రానిస్తారో లేదో కనుక్కోండి. రద్దు చేసుకుంటే ఎంత కట్టాలో కూడా తెలుసుకోండి, ఎందుకంటే మీ పేరున ఆ ఉదయమే సరుకు కొంటారు కాబట్టి చాలా చోట్ల అదే రోజు రద్దుకు పూర్తి సొమ్ము వసూలు చేస్తారు.

శాకాహారులైతే

ఇక్కడ మన పాఠకులు కొంత ఆగి చదవాలి. కైసెకి వంటకు ప్రాణం దాషి అనే రసం. హొక్కయిదో తీరంలో పెరిగే కొంబు అనే సముద్రపు నాచును నీటిలో సన్నని సెగ మీద ఉంచి, మరగకముందే తీసివేసి, ఆ నీటిలో పొగబెట్టి ఎండబెట్టిన బోనిటో చేప తురుమును వేసి వడకడతారు. ఎదో కాలంలో ఉత్తరం నుంచి పడవలు జపాన్ సముద్రతీరం వెంట కొంబును మోసుకొచ్చేవి. అది కొండదారులు, బివా సరస్సు దాటి క్యోటో చేరేది. అక్కడి మృదువైన నీటిలో దాని రుచి చక్కగా దిగుతుంది. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునాయె 1908లో ఈ కొంబు నుంచే గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. కొంబులోని గ్లుటమేట్, చేపలోని ఇనోసినేట్ అనే మరో రుచి పదార్థం కలిసినప్పుడు విడివిడిగా ఉన్నప్పటికంటే ఎన్నో రెట్లు రుచి పెరుగుతుంది కనుక, వంటవారు ఆ చేప తురుమును వదులుకోరు.

అంటే పాలకూర ఉడికించినా, తోఫు పెట్టినా, ముల్లంగి వండినా అందులో చేప రసం ఉంటుందన్నమాట. పైన కనిపించే చేప ముక్కను తీసివేయమని అడిగితే సరిపోదు. ముందుగా చెబితే కొంబు, ఎండు షియిటాకె పుట్టగొడుగులతో వేరే రసం కాచి పెట్టేవారు ఉన్నారు, మా వల్ల కాదని మర్యాదగా చెప్పేవారూ ఉన్నారు. నన్నడిగితే, పట్టింపు ఉన్న శాకాహారులు బతిమాలి మార్పులు చేయించుకోవడం కంటే షోజిన్ రియోరి అనే బౌద్ధాలయ భోజనాన్ని ఎంచుకోవడం మంచిది. అది కైసెకికి పెద్దక్క వంటిది. మాంసం, చేపలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా అందులో నిషిద్ధం. క్యోటోలో అరాషియామా దగ్గరి తెన్‌ర్యూజి ఆలయంలోని షిగెత్సు, దాయితోకుజి ఆవరణలోని ఇజుసెన్ ఇందుకు పేరున్నవి. కోయా పర్వతం మీది ఆలయాలలో బస చేస్తే రాత్రి, ఉదయం ఇదే భోజనం పెడతారు. నువ్వులతో చేసే గోమాదోఫు, సోయా పాల మీగడ యుబా, గడ్డకట్టించి ఎండబెట్టిన కోయా తోఫు వంటివి మన నాలుకకు తొందరగానే అలవాటవుతాయి. మద్యం అసలే ముట్టనివారు మరొక మాట గుర్తుంచుకోవాలి: జపాన్ వంటలో సాకె, మిరిన్ అనే తియ్యని వంట మద్యం విరివిగా వాడతారు, కాబట్టి ఆ సంగతినీ ముందే అడగాలి.

బయలుదేరే ముందు

సూటు తప్పనిసరి కాదు, శుభ్రమైన బట్టలు చాలు. కానీ మేజోళ్లు మాత్రం చిరుగు లేనివి వేసుకోండి, ఎందుకంటే బూట్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి, వట్టి కాళ్లతో చాప మీదికి వెళ్లడం మర్యాద కాదు. అత్తరు, సెంటు వద్దు. యూజు అనే నిమ్మజాతి పండు తొక్కను గోరంత వేసి వంటవారు సాధించిన సువాసనను మీ చొక్కా మీది సెంటు మింగేస్తుంది, పక్క గదివారికీ అదే గతి. పెద్ద ఉంగరాలు, గాజులు, లోహపు వాచీలు తీసి సంచిలో పెట్టుకోండి. మీ చేతికి రాబోయే ఉరుషి (ఒక చెట్టు పాలతో చేసే లక్క వంటిది) పూత గిన్నెలు కొన్ని వంటవాడి తాత కాలం నాటివి కావచ్చు. వాటి మీద పడ్డ గీత పోదు. చెప్పిన సమయానికి ఐదు నిమిషాల ముందు చేరితే చాలు. మరీ ముందు వెళ్లడం కూడా వారికి ఇబ్బందే.

గదిలో అడుగుపెట్టాక

గడపను తొక్కకండి, చాపల అంచున ఉండే గుడ్డ పట్టీని కూడా తొక్కకుండా నడవండి. లోపల తొడుక్కొనే చెప్పులతో చాప ఎక్కకూడదు; గది బయటే విడవాలి. లోపల ఒక గోడకు తొకొనోమా అనే ఎత్తైన గూడు ఉంటుంది, అందులో ఒక చిత్రపటమో రాతపటమో, ఒకటి రెండు పువ్వులో ఉంటాయి. కూర్చొనే ముందు దాన్ని ఒకసారి చూడండి. ఆ నెలకు, ఆ పూటకు తగినట్లుగా ఎంచి పెట్టినది అది, తరువాత వచ్చే వంటకాలలో అదే రుతువు మళ్లీ కనిపిస్తుంది. తొకొనోమాకు దగ్గరగా, ద్వారానికి దూరంగా ఉన్నది పెద్దవారి స్థానం. ఎవరు ఎక్కడ కూర్చోవాలో వడ్డించేవారు చూపేదాకా ఆగితే ఏ గొడవా ఉండదు.

కూర్చొనే మెత్తను కాళ్లతో తొక్కకుండా మోకాళ్ల మీదుగా ఎక్కాలి. మొదట పలకరింపు అయ్యేదాకా మోకాళ్లు మడిచి కూర్చుంటే చాలు, ఆ తరువాత మగవారు బాసిపట్టు వేసుకోవచ్చు, ఆడవారు కాళ్లు పక్కకు జరుపుకోవచ్చు. రెండు గంటల పాటు మోకాళ్ల మీద కూర్చోవాలని ఎవరూ ఆశించరు. వెచ్చని తడిగుడ్డ ఇస్తారు. అది చేతులకు మాత్రమే, ముఖానికీ మెడకూ కాదు. అందరికీ మొదటి వంటకం వచ్చాక "ఇతదకిమాస్" (వినయంగా స్వీకరిస్తున్నాను) అని మొదలుపెట్టండి.

చాప్‌స్టిక్స్ విషయంలో నిషేధాల జాబితా చాలా పెద్దది, కానీ నిజంగా మనసు నొచ్చేవి రెండే. వాటిని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి మరొకరి చాప్‌స్టిక్స్‌తో ముక్కను అందుకోకూడదు, దహనం తరువాత అస్థికలను అలా అందుకుంటారు. గిన్నెను వాటితో లాక్కోవడం, ఏది తీయాలో తేలక వంటకాల మీద తిప్పడం, ముక్కను పొడవడం మొరటుతనంగా కనిపిస్తాయి గానీ, విదేశీయులని క్షమిస్తారు. వాడనప్పుడు చిన్న ఆనుడు మీద పెట్టండి. చేయి జారుతుందని ముక్క కింద రెండవ అరచేతిని పట్టడం మనకు మర్యాదగా తోస్తుంది, అక్కడ కాదు. చిన్న గిన్నెనైతే దాన్నే చేతిలోకి ఎత్తుకోండి.

వరుసగా వచ్చే వంటకాలను తినడం

మొదట సకిజుకె వస్తుంది. రెండు ముద్దల పలకరింపు వంటకం అది. దాన్ని తిని నాలుకను సిద్ధం చేసుకోవడమే పని. కొన్ని చోట్ల దీని వెంటనే, కొన్ని చోట్ల మధ్యలో హస్సున్ వస్తుంది. తేనీటి వేడుకలో సుమారు 24 సెంటీమీటర్ల చదరపు దేవదారు పళ్లెంలో కొండ సరుకు ఒకటి, కడలి సరుకు ఒకటి పెట్టి సాకెతో ఇచ్చేవారు. ఆ పళ్లెం కొలతే దాని పేరు. భోజనశాలల్లో అది పెరిగి పెద్దదై ఇప్పుడు రుతువునంతటినీ ఒక పళ్లెంలో పరిచే ప్రదర్శనగా మారింది. నవంబరులో ఎర్రబడ్డ మేపుల్ ఆకు, పైన్ సూదులు, కాల్చిన గింకో గింజలు కనిపిస్తాయి. ఆకులు అలంకారం, తినేవి కావు. హస్సున్‌ను ఎడమ నుంచి కుడికి, తేలిక రుచి నుంచి గాఢమైన రుచికి తినుకుంటూ పోతే పొరపాటు ఉండదు.

తరువాత వచ్చే మూత గిన్నె దగ్గర నిదానించండి, ఎందుకంటే వంటవారిని తూచే వంటకం ఇదే. ఉరుషి పూత గిన్నెలో వేడి రసం పోసి మూత పెట్టగానే లోపలి ఆవిరి చల్లబడి మూతను బిగబట్టేస్తుంది. బలవంతంగా లాగితే రసం ఒలుకుతుంది. ఎడమ చేతితో గిన్నె అంచులను రెండు వైపుల నుంచి మెల్లగా నొక్కండి, గాలి చొరబడి మూత వదులవుతుంది. కుడి చేతితో మూతను ఎత్తి, నీటి చుక్కలు గిన్నెలోకే జారేలా ఒకసారి వంచి, బోర్లించకుండా వెల్లకిలా తిప్పి కుడి పక్కన పెట్టండి. చాలాసార్లు మూత లోపలి వైపున బంగారు రజనుతో గీసిన బొమ్మ ఉంటుంది, దాన్ని చూడడం కూడా విందులో భాగమే. ఇప్పుడు గిన్నెను రెండు చేతులతో ఎత్తి, ముందు ఆవిరిని పీల్చి, ఒక గుక్క రసం తాగి, అప్పుడు చాప్‌స్టిక్స్ అందుకోండి. ఉప్పు తక్కువగా ఉన్నట్లు తోస్తుంది. తొందరపడకండి, గిన్నె ఖాళీ అయ్యే సమయానికి సరిపోయేలా ఆ ఉప్పును కొలిచారు. తిన్నాక మూతను మొదట ఉన్నట్లుగానే పెట్టాలి. వెల్లకిలా పెడితే గిన్నెకూ మూతకూ గీతలు పడతాయి.

జూలైలో, గియోన్ ఉత్సవాల సమయంలో క్యోటోలో ఉంటే ఈ గిన్నెలో హామో చేప తప్పక ఎదురవుతుంది. క్యోటోకు సముద్రం దగ్గర కాదు. పూర్వం ఎండాకాలంలో ఒసాకా తీరం నుంచి ప్రాణాలతో అంత దూరం రాగలిగిన చేప అదొక్కటే అన్నట్లు ఉండేది. ఒళ్లంతా సన్నని ముళ్లు ఉండే ఈ చేపను చర్మం తెగకుండా మూడు సెంటీమీటర్ల నిడివిలో ఇరవైకి పైగా కోతలు కోస్తారు. ఆ ముక్క వేడి నీటిలో పడగానే తెల్లని పువ్వులా విచ్చుకుంటుంది, ముల్లు నాలుకకు తగలదు.

త్సుకురి అనే పచ్చి చేప ముక్కల పళ్లెంలో తెల్లని, తేలిక రుచి గల చేపను ముందు, కొవ్వు ఎక్కువ ఉన్న ఎర్ర చేపను తరువాత తినండి. వాసబి అనే ఘాటైన పచ్చ ముద్దను సోయా సాస్‌లో కలిపి బురద చేయకండి. ముక్క మీద కాస్త పెట్టి, ముక్క కొసను మాత్రం సాస్‌లో అద్దితే వాసబి వాసన నిలుస్తుంది. పచ్చి చేప తినలేనివారు దీన్ని బుకింగ్‌లోనే చెప్పి ఉండాలి. వచ్చిన పళ్లాన్ని పక్కకు నెట్టడం కంటే అదే నయం.

యకిమోనో అంటే కాల్చిన వంటకం. చేపను ముక్కలు చేయకుండా మొత్తంగా పెడితే పై వైపు తిని, దాన్ని తిరగేయకుండా ముల్లును ఎత్తి పక్కన పెట్టి కింది వైపు తినాలి. ఎండాకాలపు నదీ చేప అయు వచ్చిందనుకోండి: చాప్‌స్టిక్స్‌తో ఒళ్లంతా మెల్లగా నొక్కి, తోకను విరిచి, తల పట్టుకొని లాగితే నడుము ముల్లు మొత్తం ఒకేసారి బయటికి వస్తుంది. రానప్పుడు సిగ్గుపడనక్కరలేదు, వడ్డించేవారు సంతోషంగా తీసిపెడతారు. కూరల గిన్నె తకిఅవాసెలో ఒక్కొక్క కూరను దాని స్వభావానికి తగిన రసంలో విడిగా ఉడికించి చివర ఒకచోట చేర్చుతారు, కనుక కలిపి తినకుండా ఒక్కొక్కటి రుచి చూడండి. ఆ తరువాత ఆవిరి మీద ఉడికినదో, వేయించినదో, పుల్లనిదో ఒకటి రెండు వంటకాలు వస్తాయి. వాటికి ప్రత్యేక నియమాలు పెద్దగా లేవు, వేడివి వేడిగా తినడం తప్ప.

మన విందులో పెరుగన్నం వచ్చిందంటే ముగింపు అని ఎలా తెలుస్తుందో, ఇక్కడ అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసు, ఊరగాయలు కలిసి వచ్చాయంటే అలా తెలుసుకోవాలి. వాటిని తెచ్చేముందు మద్యం చాలా అని అడుగుతారు. అన్నం మీద సోయా సాస్ పోయకండి, ఒక్క మెతుకు కూడా వదలకండి. మట్టికుండలో సీజన్ పుట్టగొడుగులో, వెదురు మొలకలో వేసి వండిన అన్నం మిగిలిపోతే, చాలా చోట్ల ముద్దలు కట్టి ఇంటికి ఇస్తారు, మొహమాటపడకుండా అడగవచ్చు. ఆపైన పండు, తరువాత తీపి, మచ్చా. తీపిని టీతో కలిపి నంజుకోకూడదు, ముందు పూర్తిగా తినాలి, ఆ తీపి నాలుక మీద ఉండగానే చేదు టీ తాగాలి. టీ గిన్నెను ఎడమ అరచేతిలో ఉంచుకొని, కుడి చేతితో సవ్యదిశలో రెండుసార్లు కొద్దికొద్దిగా తిప్పి తాగుతారు. గిన్నె అందమైన ముఖాన్ని మీవైపు ఉంచి ఇస్తారు కదా, ఆ ముఖం మీద పెదవి పెట్టకూడదని.

మద్యం దగ్గర

మీ గిన్నెలో మీరు పోసుకోకూడదు, పక్కవారికి మీరు పోయాలి, మీకు వారు పోస్తారు. పోసేటప్పుడూ, అందుకొనేటప్పుడూ రెండు చేతులు వాడాలి, గిన్నెను బల్ల మీద వదిలి పోయించుకోకూడదు. ఇక చాలనుకుంటే గిన్నెను నిండుగా ఉంచేయండి. ఖాళీ గిన్నె కనిపిస్తే ఎవరో ఒకరు నింపుతూనే ఉంటారు. అసలు తాగనివారు టీ అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

తేనీటి కైసెకికి పిలుపు వస్తే

జపాన్‌లో పనిచేసే తెలుగువారిలో తేనీటి విద్య నేర్చుకొనేవారికి ఎప్పుడో ఒకప్పుడు గురువు ఇంటి నుంచి ఈ పిలుపు రావచ్చు. భోజనంతో, చిక్కటి టీతో, పలుచని టీతో కలిసి మొత్తం వేడుక నాలుగు గంటల దాకా పడుతుంది, కనుక ఆ పూట మరో పని పెట్టుకోకండి. కాళ్లు లేని చిన్న పళ్లెంలో ఒక ముద్ద అన్నం, మిసో పులుసు, వాటికి అవతల ఒక చిన్న వంటకం మొదట వస్తాయి. రెండు మూతలను రెండు చేతులతో ఒకేసారి తీసి, ఒకదానిలో ఒకటి పెట్టి కుడి పక్కన ఉంచాలి. అవతలి వంటకాన్ని మాత్రం సాకె పోసేదాకా ముట్టకూడదు. చాప్‌స్టిక్స్ రెండు కొసలూ సన్నగా చెక్కిన దేవదారువి, తడిపి ఇస్తారు. తడి చెక్కకు మెతుకు అంటుకోదు. ప్రధాన అతిథి ఏం చేస్తే అది చేయండి, ముందుకు పోకండి. తిన్న గిన్నెలను మీరే మీ దగ్గరి మెత్తని కాగితంతో తుడిచిపెట్టాలి. చివరికి అతిథులందరూ ఒకేసారి చాప్‌స్టిక్స్‌ను పళ్లెంలోకి జారవిడుస్తారు. ఆ చప్పుడు విని అవతలి గదిలో ఉన్న ఇంటివారు భోజనం ముగిసిందని గ్రహించి తలుపు తెరుస్తారు. మొదటిసారి మీది ఒక క్షణం వెనకబడితే ఎవరూ ఏమీ అనరు.

బిల్లు, సెలవు

లెక్క బల్ల దగ్గర బిగ్గరగా తేలదు. మడిచిన కాగితం తెచ్చిపెడతారు, లేదా వెళ్తూ గుమ్మం దగ్గర కట్టించుకుంటారు. ర్యోతెయిలలో భోజనం ధర మీద పది నుంచి పదిహేను శాతం సేవా రుసుము, దాని మీద పన్ను కలుపుతారు కాబట్టి, ప్రకటనలో చూసిన అంకె కంటే బిల్లు ఎక్కువే ఉంటుంది. కార్డు తీసుకోని పాత భోజనశాలలు ఇంకా ఉన్నాయి, నగదు దగ్గర ఉంచుకోండి. టిప్ ఇవ్వకండి; బల్ల మీద నోటు వదిలివెళ్తే మరిచిపోయారనుకొని వీధిలోకి పరుగెత్తుకొచ్చి తిరిగి ఇస్తారు. లేచేటప్పుడు "గొచిసోసమా దెషిత" (విందుకు కృతజ్ఞతలు) అని చెప్పండి. భోజనశాల యజమానురాలు బయటిదాకా వచ్చి, మీరు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడుతుంది. అందువల్ల గుమ్మం ముందు నిలబడి ఫొటోలు దిగడం, ఫోన్‌లో టాక్సీ వెతుక్కోవడం పెట్టుకోకండి. పండు తినేటప్పుడే చెబితే టాక్సీని వారే పిలిపిస్తారు.